‘నీళ్ళు తక్కువ’ అంటే ఎన్ని లీటర్లు? సుగంధ మొక్కల పరిశోధకులకు ఒక బహిరంగ లేఖ

లక్నో, హైదరాబాద్, బెంగళూరు సీమ్యాప్ (కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) కేంద్రాల శాస్త్రవేత్తలకు, గుజరాత్ బోరియావిలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన డైరెక్టరేట్ వారికి, వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాల ఆచార్యులకు నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలో డ్రిప్ డిజైన్లు వేసి బతికేవాణ్ణి. రైతు తన నేల, బోరు, పంట చెప్తే లేటరల్ (సాళ్ళ వెంట పరిచే సన్న పైపు) ఎంత దూరంలో లాగాలి, డ్రిప్పర్ గంటకి 2 లీటర్లదా 4 లీటర్లదా, మోటారు రోజుకి ఎన్ని గంటలు ఆడాలి అని లెక్క కట్టి ఇవ్వడం నా పని. చీనీకి, దానిమ్మకి, టమాటాకి, వేరుశనగకి ఆ లెక్క నాకు నోటికొచ్చు. ఈమధ్య అదే రైతులు నూనె తీసే సుగంధ మొక్కలు అడుగుతున్నారు: రోజ్‌మేరీ అంటున్నారు, ఒరెగానో అంటున్నారు, ఒకరిద్దరు లావెండర్ కూడా అడిగారు. చేతిలో రంగుల కరపత్రం ఉంటుంది. పైన మధ్యధరా తీరపు కొండల ఫొటో, కింద ‘నీరు పెద్దగా అక్కర్లేని పంట’ అని పెద్దక్షరాలు. “దీనికి ఎంత నీళ్ళు కావల్ల సార్?” అని అడుగుతారు. బోరులో ఇంచున్నర నీళ్ళున్న మనిషికి ‘తక్కువే’ అని చెప్పి పంపలేను కదా.

కరపత్రం అచ్చేసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. మొక్కలు అమ్ముకునేవాళ్ళు అలాగే రాస్తారు. అంకె ఇవ్వాల్సినవాళ్ళు మీరు. అందుకే ఈ లేఖ మీకు.

మేము వాడే లెక్క ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 1998లో తెచ్చిన 56వ నంబరు నీటిపారుదల పుస్తకంలోది. ఆ రోజు ఎండ, గాలి, వేడి, తేమ చూసి, బాగా తడి ఉన్న పచ్చగడ్డి నుంచి ఎన్ని మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందో పెన్‌మన్-మాంటీత్ సూత్రంతో కడతాం. దాన్ని పంట గుణకంతో గుణిస్తే ఆ పంట తాగే నీరు వస్తుంది. ఆ పుస్తకం పట్టికలో పుదీనా ఉంది, బాగా ఎదిగిన దశలో 1.15. రోజ్‌మేరీ లేదు, లావెండర్ లేదు. పుస్తకం రాసిన నలుగురిలో ఒకాయన రోజ్‌మేరీ కొండల మీద దానంతటదే మొలిచే పోర్చుగల్ మనిషే. అయినా పట్టికలో దానికి ఒక వరస దక్కలేదు. ఎందుకంటే చాలాకాలం దాన్ని ఎవరూ నీళ్ళు పెట్టి పెంచే పంటగా చూడలేదు. స్పెయిన్ ఆగ్నేయంలో కొండల మీద కోసుకొచ్చి అక్కడే బట్టీ పెట్టి నూనె తీసేవాళ్ళు. నీటి లెక్క ఎవరికి కావాలి?

గుణకం తెలియకపోతే ఏమవుతుందో చూడండి. మే నెలలో ఒక రోజు ఆవిరి 7 మిల్లీమీటర్లు అనుకుందాం. గుణకం 0.3 అయితే ఎకరాకి రోజుకి 8,500 లీటర్లు చాలు. 0.5 అయితే 14,000 లీటర్లు. పుదీనాలాగా 1.15 అయితే 32,000 లీటర్లు దాటుతుంది. 8,500కీ 32,000కీ మధ్య ఎక్కడో ఉంది రైతు అడిగిన ప్రశ్నకి జవాబు. ఆ తేడా నీళ్ళతో మా దగ్గర ఇంకో చీనీ తోట బతుకుతుంది.

ఆ 0.3 నేను ఊహించి రాసిన అంకె కాదు. రోజ్‌మేరీ, లావెండర్ తక్కువ నీటి మొక్కలన్న మాట ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది కదా, దానికి ఒక పెద్ద ఆధారం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళ వూకల్స్ జాబితా. అందులో ‘తక్కువ’ వర్గం అంటే గడ్డి నుంచి ఆవిరయ్యే నీటిలో 10 నుంచి 30 శాతం. కానీ ఆ జాబితా ఇళ్ళ ముందు, రోడ్ల పక్కన నాటే మొక్కల కోసం చేసింది. అక్కడ మొక్క పచ్చగా కనిపిస్తే చాలు. ఎకరాకి ఎన్ని టన్నుల ఆకు కోశాం, అందులో నూనె ఎంత అనే ప్రశ్నే లేదు. చూడ్డానికి బాగుంటే సరిపోయే మొక్కకీ, కోత కోసి అమ్ముకోవాల్సిన మొక్కకీ ఒకే నీళ్ళు ఎలా సరిపోతాయి? ఈ రెండూ కలిపేసి రైతుకి చెప్తున్నారు.

ఇక వాన సంగతి. స్పెయిన్‌లో ముర్సియాకి ఏడాదికి పడేది 300 మిల్లీమీటర్లు, అటూ ఇటుగా. అనంతపురానికి 550 దాకా పడుతుంది. అంకె చూస్తే మనమే నయం. అందుకే ‘అక్కడే పండుతుంటే ఇక్కడ పండదా’ అనే మాట అంత తేలిగ్గా వస్తుంది. కానీ ఆ వాన ఎప్పుడు పడుతుంది? మధ్యధరా చుట్టూ వాన చలికాలపు సరుకు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా చల్లటి నేలలో పడి లోపలికి దిగుతుంది. మొక్క ఆ తడితో వసంతంలో చిగురేసి పూస్తుంది. వేసవి వచ్చేసరికి పత్రరంధ్రాలు సగం మూసుకుని, ఎదుగుదల ఆపేసి, ఉన్నదాంతో కాలం గడుపుతుంది. రోజ్‌మేరీ ఆకు తిప్పి చూస్తే అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి, లోపల తెల్లటి నూగు, ఆ నూగు చాటున రంధ్రాలు. ఎండాకాలంలో ప్రాణం నిలుపుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. ఆ కాలంలో అది నీళ్ళు తక్కువ తాగుతుందన్నది నిజమే. ఆ కాలంలో అది పంట కూడా పెద్దగా ఇవ్వదు.

మనకి వాన జూన్ నుంచి అక్టోబర్, వేడి నేల మీద. ఈ మొక్క వేళ్ళకి వెచ్చటి నీటి నిలవ అంటే అలవాటు లేదు. పోయిన అక్టోబర్ వానల తర్వాత ఒక నల్లరేగడి చేనుకి పిలిస్తే వెళ్ళాను. రోజ్‌మేరీ మొక్కలు కొసల నుంచి వాడి, బూడిదరంగు తిరుగుతున్నాయి. ఎండుతున్నాయనుకుని రైతు మోటారు ఇంకో గంట పెంచాడు. ఒక మొక్క పట్టుకుని లాగితే చేతికి ఊరికే వచ్చేసింది. వేరుని రెండు వేళ్ళ మధ్య పట్టి గీరితే పైతోలు గోధుమరంగు గుజ్జులా జారిపోయి, లోపల దారమంత ఈనె మిగిలింది. వేరుకుళ్ళు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో లావెండర్ రైతుల్ని ముంచుతున్నది కూడా ఇదే జాతి తెగులు, ఫైటాఫ్తోరా. అక్కడా వేసవిలో వాన, వేడి కలిసే వస్తాయి. నీళ్ళు అక్కర్లేని పంట అని నమ్మి వేసిన చేను నీళ్ళు ఎక్కువై చచ్చిపోయింది. ఆ మొక్కలు ఇచ్చినవాళ్ళు ఎత్తుమడి వేయమని గానీ, ఈ నేల పనికిరాదని గానీ ఒక్క ముక్క చెప్పలేదు.

జమ్మూలోని భదర్వా లావెండర్ పేరు చెప్పి చాలామంది వాదిస్తారు. అక్కడ ఐఐఐఎం (జమ్మూలోని కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్ళు రైతులతో చేయించిన పని నిజంగా గొప్పది, మొక్కజొన్న చేలల్లోకి లావెండర్ వచ్చి వాళ్ళ చేతికి డబ్బొచ్చింది. కానీ అది హిమాలయపు కొండ ఊరు. అసలైన లావెండర్ జాతి సరిగ్గా పూయాలంటే చలికాలపు చలి తగలాలి. ఫ్రాన్స్ ప్రొవాన్స్‌లో కూడా అసలు లావెండర్ ఎత్తైన చోట్లకే, కింది మైదానాలకి లావెండిన్ అనే సంకరజాతి. అది గింజ కట్టదు, కొమ్మలు నాటి పెంచాలి. నూనె ఎకరాకి ఎక్కువ, ధర తక్కువ. ఆ తేడా కూడా చెప్పకుండా అనంతపురం ఎండలో లావెండర్ అనేవాళ్ళతో మాట్లాడి లాభం లేదు. రోజ్‌మేరీ, ఒరెగానోల సంగతి వేరు, వాటికి మన ఎర్రనేలల్లో కొంత అవకాశం ఉంది. అందుకే వాటి గురించి గట్టిగా అడుగుతున్నాను.

అసలు విషయం నూనె దగ్గర ఉంది. ఈ మొక్కల్లో నూనె ఆకు పైన ఉండే చిన్న చిన్న గ్రంథుల్లో ఉంటుంది. నీళ్ళు కాస్త తగ్గిస్తే ఆకు చిన్నదవుతుంది, గ్రంథులు దగ్గరదగ్గరగా చేరతాయి, కిలో ఆకుకి నూనె శాతం పెరుగుతుంది. కానీ ఆకు మొత్తం బరువు తగ్గుతుంది. మరీ బిగిస్తే రెండూ పోతాయి. ఇజ్రాయెల్‌లో నెవే యాఅర్ కేంద్రం, స్పెయిన్‌లో ముర్సియా పరిశోధకులు, ఇటలీ, గ్రీసు, టర్కీ వాళ్ళు దశాబ్దాలుగా తవ్వుతున్నది ఈ ఒక్క ప్రశ్ననే: నీళ్ళు ఎక్కడిదాకా తగ్గించొచ్చు? దీన్నే లోటు తడి అంటున్నారు. మంచి ప్రశ్న. కానీ వాళ్ళ జవాబుల్లోంచి ఒకటే ముక్క తీసి మన దగ్గర ప్రచారం చేస్తున్నారు, ‘నీళ్ళు తగ్గిస్తే నూనె పెరుగుతుంది’ అని.

అది ఎంత సగం మాటో అంకెల్లో చూపిస్తాను. ఇవి ప్రయోగం అంకెలు కావు, లెక్క తెలియడానికి నేను వేసుకున్నవి. మూడు మడులు అనుకోండి. హెక్టారుకి 500 మిల్లీమీటర్ల తడి ఇస్తే 20 టన్నుల పచ్చి ఆకు, 0.5 శాతం నూనె, అంటే 100 కిలోలు. తడి 300కి తగ్గిస్తే 14 టన్నులు, 0.65 శాతం, 91 కిలోలు. ఇంకా బిగించి 150 చేస్తే 7 టన్నులు, 0.75 శాతం, 52 కిలోలు. మూడో మడికి శాతం అన్నిటికన్నా ఎక్కువ. క్యూబిక్ మీటరు నీటికి వచ్చిన నూనె లెక్కన కూడా అదే ముందు: మొదటి మడికి 20 గ్రాములు, రెండోదానికి 30, మూడోదానికి 35. పరిశోధన పత్రం సారాంశంలో మూడో మడి గెలుస్తుంది. రైతు ఇంట్లో మాత్రం ఆదాయం సగమైంది.

రెండో మడి చూడండి. 9 కిలోల నూనె పోయింది, హెక్టారుకి 20 లక్షల లీటర్ల నీరు మిగిలింది. అంతే కాదు, 20 టన్నుల బదులు 14 టన్నులే కోసి, మోసి, ఉడికించాలి. కోత కూలీ, ట్రాక్టరు, కట్టెలు అన్నీ ఆమేరకు తగ్గుతాయి. నా లెక్కన లోటు తడికి అసలు బలం ఇక్కడ ఉంది, దీన్ని మాత్రం ఎవరూ రైతుకి చెప్పరు. భూమి ఎక్కువుండి నీళ్ళు లేనివాడికి రెండో మడి, ఒక్కోసారి మూడోది కూడా పనికొస్తుంది. రెండెకరాలే ఉండి బోరు బాగున్నవాడికి మొదటిదే మేలు. ఏది ఎవరికో తేల్చుకోవాలంటే మూడు మడుల అంకెలూ, మొత్తం ఆకు బరువూ, శాతమూ, వానతో కలిపి ఇచ్చిన నీరూ పక్కపక్కన కనబడాలి. మీ పేపర్లలో చాలాసార్లు శాతం ముందు పేజీలో ఉంటుంది, నీటి మొత్తం ఎక్కడో పద్ధతుల విభాగంలో దాక్కుని ఉంటుంది, పడిన వాన ఎంతో అసలు ఉండదు.

ఇంకో ఫిర్యాదు కుండీల మీద. ఈ మొక్కల కరువు పరిశోధనలో పెద్ద భాగం కుండీల్లో జరిగింది. కుండీలో మట్టి గుప్పెడు, రెండు రోజుల్లో ఎండిపోతుంది, మొక్కకి ఒక్కసారిగా దెబ్బ తగులుతుంది. పొలంలో వేరు లోతుకి వెతుక్కుంటూ పోతుంది, కరువు మెల్లగా వస్తుంది. కుండీలో ‘నేల పట్టే నీటిలో 50 శాతం’ అన్నదీ, పొలంలో ‘పంట ఆవిరిలో 50 శాతం’ అన్నదీ ఒకటి కావు. మొక్క లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి కుండీ బాగానే పనికొస్తుంది. దాన్ని పట్టుకుని నేను లేటరల్ వేయలేను.

మన దేశంలో పని జరగలేదని అనడం లేదు. సీమ్యాప్ బెంగళూరు కేంద్రం వాళ్ళు రోజ్‌మేరీకి తడులు, ఎరువులు, మొక్కల మధ్య దూరం మీద పొలంలోనే ప్రయోగాలు చేశారు. ఆ తరహా పనిలో తడిని ఎక్కువగా ఐడబ్ల్యూ-సీపీఈ (ఇచ్చిన తడికీ, పాన్‌లోంచి మొత్తం ఆవిరైన నీటికీ) నిష్పత్తిలో చెప్తారు. అంటే నాలుగడుగుల వెడల్పు రేకు పాన్‌లోంచి ఇంత నీరు ఆవిరైనాక ఒక తడి. కాలవ నీళ్ళ కాలానికి అది చక్కటి పద్ధతి. ఈరోజు రైతు దగ్గరున్నది డ్రిప్పు, కరెంటు వచ్చే గంటలు, ఇంచున్నర నీళ్ళు. ఆ నిష్పత్తిని మొక్కకి రోజుకి ఇన్ని లీటర్లు అని మార్చి, ఏ నెలకి ఎంతో తెలుగులో ఒక పేజీ రాయడానికి మీకు ఒక పూట చాలు. ఆ పేజీ లేకపోవడం వల్లే కరపత్రం రాజ్యమేలుతోంది.

అసలు కొలతకి కావాల్సిన సరంజామా కోసం స్పెయిన్ పోనక్కర్లేదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పొడవాటి పీవీసీ గొట్టాల్లో మట్టి నింపి, మొక్క పెంచి, గొట్టాన్ని పైకెత్తి తూకం వేసి, ఎన్ని నీళ్ళు తాగిందో గ్రాముల్లో చెప్పే లైసీమీటర్లు ఉన్నాయి. సజ్జ, శనగ, వేరుశనగల మీద వాటితో ఎంతో పని చేశారు. అనంతపురం రేకులకుంటలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, మెట్ట సేద్యం మీద, వాతావరణం మీద ఏళ్ళ తరబడి రికార్డులున్నాయి. ఒక ఎర్రనేల మడి, ఒక నల్లరేగడి మడి, రోజ్‌మేరీ, ఒరెగానో. పక్కనే మన పామరోజా, నిమ్మగడ్డి కూడా వేయండి, ఎందుకంటే రైతు ముందున్న అసలు ఎంపిక అదే. పామరోజా ఈ దేశపు గడ్డి, మన వానాకాలం దానికి కొత్త కాదు. రోజ్‌మేరీ నూనెకి ధర ఎక్కువ పలికినా, లీటరు నీటికి ఏది ఎక్కువ రూపాయలు తెస్తుందో కొలిచి చూస్తే ఫలితం మీకే ఆశ్చర్యం కలిగించొచ్చు. మొదటి ఏడాది లెక్క విడిగా ఇవ్వండి. ఎంత కరువుకి ఓర్చే మొక్కైనా వేరు పట్టేదాకా తడి అడుగుతుంది, ఆ ఏడాదే రైతు బోరు మీద భారం. దాన్ని సగటులో కలిపేస్తే మాకు అక్కరకు రాదు.

నూనె తీసేటప్పుడు పోయే నీటిని కూడా లెక్కలో పెట్టండి. దీన్ని అందరూ వదిలేస్తారు. ఆవిరి బట్టీలో నుంచి వచ్చిన ఒక లీటరు నీటి ఆవిరిని మళ్ళీ నీరు చేయాలంటే, చల్లార్చే నీరు 30 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, దాదాపు 20 లీటర్లు కావాలి. ఆ వేడి నీటిని చల్లబరచి మళ్ళీ తిప్పుకునే తొట్టి కడితే నష్టం చాలావరకు తగ్గుతుంది. కట్టకుండా కాలవలోకి వదిలేస్తే చేలో డ్రిప్‌తో మిగిల్చినదాంట్లో కొంత బట్టీ దగ్గర పోతుంది. కేంద్రం సుగంధ పంటల పథకం అరోమా మిషన్ కింద రైతు సంఘాలకి బట్టీలు ఇస్తున్నారు, సంతోషం. ప్రతి బట్టీతో పాటు చల్లార్చే తొట్టి నమూనా, దాని ఖర్చు కూడా ఇవ్వండి.

నూనె నాణ్యత మీద ఒక్క మాట. రోజ్‌మేరీ నూనెలో స్పెయిన్ రకానికి కర్పూరం ఎక్కువ, మొరాకో, ట్యునీషియా రకానికి సినియోల్ (యూకలిప్టస్ నూనెలో ఉండే పదార్థం) ఎక్కువ, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ఓ 1342 ప్రమాణం కూడా ఆ రెంటినీ వేరుగానే చూస్తుంది. తడి మారితే ఈ పాళ్ళు కూడా కదులుతాయి. కాబట్టి ఒక్కో తడి స్థాయికి వచ్చిన నూనెని కొనేవాడు ఏ రకం కింద తీసుకుంటాడో కూడా ఆ పట్టికలో ఉండాలి. లేకపోతే రైతు నూనె డబ్బా పట్టుకుని హైదరాబాద్ వెళ్ళాక తెలుస్తుంది.

ఉద్యాన శాఖ అధికారులు కూడా ఇది చదువుతారని అనుకుంటున్నాను. మీకొక చిన్న పని. సబ్సిడీ జాబితాలో ఏ సుగంధ పంట పెట్టినా పక్కన మూడు గడులు చేర్చండి: ఏ నేలకి పనికిరాదు, నెలవారీగా ఎకరాకి ఎన్ని లీటర్లు, ఆ అంకె ఏ ఊళ్ళో కొలిచారు. మూడో గడిలో మన ఊరు లేకపోతే ఖాళీగానే వదిలేయండి, ముర్సియా అంకె తెచ్చి నింపొద్దు. ఖాళీ గడి చూస్తే రైతు ముందు పావు ఎకరంలో వేసి చూస్తాడు.

శాస్త్రవేత్తలకు చివరిగా. ఈ పని మొదలుపెడితే రెండు, మూడు వానాకాలాలు పడుతుందని నాకు తెలుసు. పూర్తయ్యేదాకా ఆగకుండా ఏ ఏడాది అంకెలు ఆ ఏడాదే బయటపెట్టండి, ‘ఇంకా తేలలేదు’ అని పైన రాసి పెట్టినా మాకు చాలు. మీకు కావాలంటే ప్రయోగానికి డ్రిప్ డిజైన్ నేనే ఉచితంగా వేసిస్తాను, నీటి మీటరు బిగించి రోజువారీ రీడింగు రాయడానికి మనుషుల్ని కూడా చూపిస్తాను. ఆ పట్టిక మాత్రం దయచేసి ఎక్సెల్‌లో పెట్టండి. పీడీఎఫ్‌లో పెడితే ఒక్కో అంకె మళ్ళీ కొట్టుకోవాలి.

ఇట్లు
అనంతపురం జిల్లా డ్రిప్ డిజైనర్ ఒకడు